గ్లైడర్ డిజైను సంక్లిష్టమైతే కూలి ఎందుకు పెరుగుతుంది? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మా షెడ్డులో తలుపులు, మంచాలు, లారీ బాడీల చెక్కపని చేస్తాం. దగ్గరలోని కాలేజీ విద్యార్థులు కొందరు ఒక మనిషి కూర్చునే చెక్క గ్లైడరు (ఇంజను లేకుండా గాలిలో జారుతూ ఎగిరే విమానం) కట్టించుకోవాలని రెండు డ్రాయింగులు తెచ్చారు. రెండింటి రెక్కల నిడివీ 12 మీటర్లే. కర్ర, ప్లైవుడ్డు ఇంచుమించు సమానంగానే పడతాయి. మొదటిదాని రెక్క మొదలు నుంచి కొస వరకు ఒకే వెడల్పుతో ఉండి, కింద నుంచి ఒక ఆనింపు కర్ర పట్టి ఉంటుంది. రెండోదాని రెక్క కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది, ఆనింపు లేదు. రెండోదానికి చేతిపని రెట్టింపు పైన పడుతుందని నేను చెప్పాను. సరుకు అంతే అయినప్పుడు కూలి ఎందుకు రెట్టింపవుతుందని వాళ్లు అడుగుతున్నారు. నా లెక్క న్యాయమేనా?
– ఒక వడ్రంగి మేస్త్రి, రాజాం

సమాధానం: మేస్త్రి గారికి నమస్కారం. రెక్క పని వరకు చూస్తే మీ లెక్క న్యాయమైనదే. విద్యార్థులు చేసిన పొరపాటు చాలా చోట్ల కనిపించేదే. వస్తువు బరువును బట్టి గానీ, అందులో పడిన సరుకును బట్టి గానీ చేతిపనిని అంచనా వేయడం మనకు అలవాటు. గ్లైడరు విషయంలో ఆ కొలత పనికిరాదు. ఇక్కడ కూలిని పెంచేది భాగాల సంఖ్య కంటే, ఒకదానితో ఒకటి పోలిక లేని భాగాల సంఖ్య. ఈ ఒక్క తేడా అర్థమైతే తక్కిన లెక్కంతా దానంతట అదే తేలుతుంది.

రెక్కకు ఆకారం ఇచ్చేవి రిబ్బులు, అంటే రెక్కలో అడ్డంగా నిలబెట్టే పక్కటెముకల లాంటి చట్రాలు. 12 మీటర్ల రెక్కలో అడుగుకొకటి చొప్పున పెడితే సుమారు 40 రిబ్బులు పడతాయి. ఒక రిబ్బు ఎలా తయారవుతుందో విద్యార్థులకు దగ్గరుండి చూపించండి. చదునైన బల్ల మీద రిబ్బు బొమ్మను నిజం సైజులో అతికించి, గీత వెంట చిన్న చిన్న చెక్కముక్కలను మేకులతో బిగిస్తే అది జిగ్గు అవుతుంది. జిగురు బల్లకు అంటకుండా మైనపు కాగితం పరుస్తాం. పై బద్దెను, కింది బద్దెను వేడినీళ్లలో నానబెట్టి వంచి ఆ ముక్కల మధ్య కూర్చోబెడతాం. మధ్యలో వచ్చే నిలువు పుల్లలను, ఏటవాలు పుల్లలను ఒక్కొక్కటీ తన కోణానికి కోసి, రెండు కొసలూ వెలితి లేకుండా ఆనేలా చిత్రిక పట్టి పెడతాం. ప్రతి కూడలి మీదా పలచటి ప్లైవుడ్డు ముక్కను జిగురుతో అతికించి, జిగురు ఆరాక రిబ్బును పైకి తీసి, తిరగేసి రెండో వైపు కూడా అలాగే ముక్కలు అతికిస్తాం.

రెక్క అంతా ఒకే వెడల్పు అయితే ఈ జిగ్గు ఒక్కటి చాలు. పుల్లల కొలతలు ఒక్కసారి తేలితే 40 రిబ్బులకు సరిపడే పుల్లలను ఒకేసారి కోసి కట్టలు కట్టి పెట్టుకోవచ్చు. ఐదో రిబ్బుకు చెయ్యి అలవాటు పడుతుంది. ఇరవయ్యో రిబ్బు దగ్గర డ్రాయింగు వంక చూడాల్సిన పనే ఉండదు. రెక్క కొసకు సన్నబడితే ఎడమ రెక్కలో ఒకటి, కుడి రెక్కలో ఒకటి తప్ప మరే రెండు రిబ్బులూ ఒక కొలతలో ఉండవు. 20 రకాల రిబ్బులకు 20 బొమ్మలు, 20 జిగ్గులు. పుల్లల పొడవులు, కోణాలు కూడా ప్రతిసారీ మారతాయి. చెయ్యి అలవాటు పడే లోపే ఆ రకం పూర్తయి కొత్త రకం మొదలవుతుంది.

చెయ్యి అలవాటు పడడానికి విమాన పరిశ్రమలో ఒక లెక్క ఉంది. 1936లో థియోడర్ పాల్ రైట్ అనే అమెరికన్ ఇంజనీరు విమానాల ఖర్చు మీద ప్రచురించిన వ్యాసంలో, తయారయ్యే విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో దానికి పడే సగటు చేతిపని అంతకు ముందున్న దానిలో సుమారు 80 శాతానికి దిగుతుందని చూపించాడు. మొదటిదానికి 100 గంటలైతే, రెండు చేస్తే సగటు 80, నాలుగు చేస్తే 64, ఎనిమిది చేస్తే 51 గంటలు. మన వడ్రంగం షెడ్డులో అంత వేగంగా తగ్గకపోవచ్చు కాబట్టి 80కి బదులు 90 శాతం అనుకుందాం. తొలి రిబ్బుకు 4 గంటలు, ఒక జిగ్గుకు 4 గంటలు పడతాయని కూడా అనుకుందాం. ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలు, మీ షెడ్డు అంకెలు వేరుగా ఉంటాయి. ఒకే వెడల్పు రెక్కలో 40 రిబ్బులకు సగటున 2.3 గంటల చొప్పున 91 గంటలు, ఒక జిగ్గుకు 4 గంటలు కలిపి 95 గంటలవుతుంది. సన్నబడే రెక్కలో ప్రతి రకమూ రెండేసి మాత్రమే కాబట్టి సగటు 3.6 గంటల దగ్గరే ఆగిపోతుంది. 40 రిబ్బులకు 144 గంటలు, 20 జిగ్గులకు 80 గంటలు, మొత్తం 224 గంటలు. వాడిన కర్ర మాత్రం రెండో రెక్కలో కొంచెం తక్కువే పడి ఉంటుంది. మీరు చెప్పిన 'రెట్టింపు పైన' అనే మాట ఇందులోంచి వచ్చిందే.

తేడా రిబ్బులతో ఆగిపోదు. రెక్క ముందంచు మీద చుట్టే పలచటి ప్లైవుడ్డు ఒకే వెడల్పు రెక్కలో దీర్ఘచతురస్రాకారపు ముక్కే, ఒక ఫార్మా పెట్టి అన్నీ కోసుకోవచ్చు. సన్నబడే రెక్కలో ఆ చుట్టు శంకువు ఆకారంలో ఉంటుంది. ప్రతి ముక్కనూ అక్కడికక్కడ కాగితంతో కొలత తీసి కోయాలి. రెండు ముక్కలు కలిసే చోట అతుకును వాలుగా చిత్రిక పట్టాలి. 1 మిల్లీమీటరు మందానికి 12 మిల్లీమీటర్ల వాలు చొప్పున, ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లైవుడ్డుకు 18 మిల్లీమీటర్ల వాలు వస్తుంది. కాగితమంత పలచనయ్యే ఆ అంచును చిరగకుండా తీయడం మీ షెడ్డులో ఎంతమందికి చేతనవుతుందో మీకే తెలుసు. సంక్లిష్టమైన డిజైను గంటలను పెంచడమే కాదు, సహాయకుడు చేయగలిగిన పనిని పెద్ద మేస్త్రి చేతికి మారుస్తుంది. గంటలూ పెరుగుతాయి, గంట ధరా పెరుగుతుంది. ఈ రెండోది అంచనాల్లో తరచూ జారిపోతుంది.

ఆనింపు కర్ర సంగతి కూడా చెప్పాలి. కింద నుంచి ఆనింపు ఉన్నప్పుడు రెక్క మొదట్లో వంపు బలం బాగా తగ్గుతుంది. రెక్క పొడవునా లోపల పోయే దూలం తేలికగా ఉండవచ్చు, మొదటి దగ్గర ఇనుప కీలు సాదాగా సరిపోతుంది. ఆనింపు లేని రెక్కలో ఆ బలమంతా మొదటి దగ్గరి రెండు పెద్ద పిన్నుల మీద పడుతుంది. ఆ పిన్నుల రంధ్రాలు ఎడమ, కుడి రెక్కల్లో ఒకే వరుసలో, వదులు లేకుండా రావాలి. ఇది వడ్రంగి చేసే పని కాదు, లేతు పని తెలిసిన ఫిట్టరు చేయాల్సింది. ఆనింపు వల్ల గాలి నిరోధం పెరుగుతుందన్నది నిజమే. కానీ శిక్షణ కోసం తిప్పే గ్లైడరుకు ఆ నష్టం భరించదగినదే. అమెరికాలో ఎన్నో ఏళ్లు శిక్షణకు వాడిన ష్వైజర్ 2-33 ఆనింపు ఉన్న రెక్కతోనే ఎగిరింది.

ఒకే డిజైనరు రెండు దారుల్లోనూ నడిచిన ఉదాహరణ ఒకటుంది. జర్మనీలో ష్లైషర్ కంపెనీకి రుడాల్ఫ్ కైజర్ 1955లో కా 6 అనే గ్లైడరును గీశాడు. దాని ఒడలు (పైలటు కూర్చునే నడిమి భాగం) గుండ్రంగా తిరిగే ప్లైవుడ్డు గుల్ల, రెక్కకు గాలి నునుపుగా జారే ఆకారం. 1957లో ఆయనే కా 8 గీసినప్పుడు ఒడలికి వెల్డింగు చేసిన ఉక్కు గొట్టాల చట్రం పెట్టి, పైన గుడ్డ కప్పాడు. చెక్క రెక్కను కూడా సాదాగానే ఉంచాడు. చిన్న క్లబ్బులు, సొంతంగా కట్టుకునేవారు భరించగలగాలన్నది అందులోని ఉద్దేశం. కా 6 ఒక కిలోమీటరు ఎత్తు నుంచి సుమారు 29 కిలోమీటర్లు జారితే, కా 8 సుమారు 27 కిలోమీటర్లు జారుతుంది. ఆ రెండు కిలోమీటర్ల కోసం ఎంత చేతిపని పెట్టాలన్నది కట్టించుకునేవారు తేల్చుకోవలసిన సంగతి.

విద్యార్థులకు నా సలహా మధ్యే మార్గం. రెక్కలో లోపలి మూడింట రెండు వంతులు ఒకే వెడల్పుతో ఉంచి, కొసన మూడో వంతు మాత్రమే సన్నబడేలా గీయమనండి. పైన వేసిన లెక్క ప్రకారమే 26 రిబ్బులు ఒక రకం, తక్కిన 14 రిబ్బులు ఏడు రకాలు అవుతాయి. జిగ్గులతో కలిపి సుమారు 146 గంటల్లో పని తేలుతుంది. సన్నబడే రెక్క వల్ల గాలి నిరోధంలో కలిసివచ్చేది కొద్ది శాతమే, అందులో ఎక్కువ భాగం కొసలు మాత్రమే సన్నబడినా దక్కుతుంది. 1930లలో లెక్కలేనంతమంది కట్టుకున్న గ్రూనౌ బేబీ అనే గ్లైడరు రెక్క కూడా ఇలాంటిదే, లోపల ఒకే వెడల్పు, కొసన మాత్రమే గుండ్రంగా తిరిగి సన్నబడుతుంది.

ప్రశ్న: మేము రిబ్బులను కంప్యూటరుతో గీసి, లేజరు యంత్రం మీద ప్లైవుడ్డులోంచి కోయాలనుకుంటున్నాం. యంత్రానికి 40 రకాలైనా ఒకటే కదా. అలాంటప్పుడు డిజైనును సాదాగా ఉంచవలసిన అవసరం ఏముంది? తోకను 'వి' ఆకారంలో పెట్టి, ఎయిర్ బ్రేకులు, లోపలికి ముడుచుకునే చక్రం కూడా చేర్చాలని మా బృందం ఆలోచన. వీటివల్ల చేతిపని ఎంత పెరుగుతుంది?
– ఒక ఇంజనీరింగు విద్యార్థిని, ఎచ్చెర్ల

సమాధానం: మీ ప్రశ్నలో మొదటి భాగంతో నేను చాలా వరకు ఏకీభవిస్తాను. యంత్రంతో కోసినప్పుడు భాగాల మధ్య పోలిక లేకపోవడం వల్ల పడే భారం నిజంగానే తగ్గుతుంది. పై సమాధానంలో 20 జిగ్గులకు వేసిన 80 గంటలు దాదాపు పూర్తిగా మిగులుతాయి. అయితే ఆ గంటల్లో కొన్ని షెడ్డులోంచి మీ కంప్యూటరు బల్ల మీదికి మారతాయని గుర్తుంచుకోండి. ప్రతి రిబ్బులోనూ దూలం దూరే గాటు, అదుపు కడ్డీలు పోయే రంధ్రాలు, బరువు తగ్గించే బెజ్జాలు సరైన చోట ఉన్నాయో లేదో ఎవరో ఒకరు కూర్చుని చూడాల్సిందే. విద్యార్థుల గంటలకు జీతం లేదు కాబట్టి అవి ఖర్చు కాదనుకోవద్దు. లేజరుతో కోసిన అంచు మాడి నల్లబడుతుంది, ఆ మసి మీద జిగురు సరిగా పట్టదు. అతుకు పడే ప్రతి అంచునూ శాండ్ పేపరుతో రుద్ది శుభ్రం చేయాలి. బద్దెలతో కట్టిన రిబ్బు కంటే ప్లైవుడ్డు రిబ్బు కొంచెం బరువు తూగుతుంది కూడా.

యంత్రం ఆదా చేయగలిగింది కోత వరకే. కూడిక, అమరిక, తనిఖీ చేతి పనులుగానే మిగులుతాయి. మీరు చేర్చాలనుకున్న మూడు హంగుల భారమూ సరిగ్గా అక్కడే పడుతుంది.

ఎయిర్ బ్రేకుల సంగతి కొంచెం విడమరచి చెబుతాను. రెక్కలోంచి పైకీ కిందికీ లేచే పలకలు పైకి చూడడానికి చాలా చిన్న భాగాలు. కానీ అవి దాక్కునేందుకు దూలం వెనకాల రెక్కలో ఒక పెట్టె కట్టాలి. ఆ పెట్టె వల్ల మూడు, నాలుగు రిబ్బులు మధ్యలో తెగిపోతాయి, వాటికి బలం చేకూర్చే అదనపు ముక్కలు పెట్టాలి. పలకను లేపే చేతులు, వాటిని తిప్పే అడ్డకడ్డీ, ఆ కడ్డీ నుంచి కాక్‌పిట్ దాకా తోపుడు కడ్డీలు, ప్రతి మలుపులో ఒక లివరు, ప్రతి లివరుకు బేరింగు అవసరం. ఇంత కట్టాక పలక మూసినప్పుడు రెక్క ఉపరితలంతో సమంగా కూర్చోవాలి, ఎడమ కుడి పలకలు ఒకేసారి లేవాలి, మూసి ఉన్నప్పుడు గాలి పీలుపుకు వాటంతట అవి తెరుచుకోకుండా తాళం పడాలి. ఈ సర్దుబాటుకే రోజులు పోతాయి, పైగా అందులో సహాయకుడికి అప్పగించగల పని దాదాపు ఉండదు. అయినా దీన్ని వదిలేయమని చెప్పను. దిగేటప్పుడు జారుడు కోణాన్ని పెంచుకునే సాధనం లేకపోతే పైలటు ప్రాణానికే ముప్పు. మీ మొదటి గ్లైడరుకు రెక్క పై వైపు మాత్రమే లేచే సాదా స్పాయిలరు సరిపోతుందేమో మీ డిజైను గైడుతో లెక్క కట్టించండి. కింది వైపు కోత, కింది పలక, దాని లంకెలు తగ్గితే ఆ పనిలో చాలా భాగం తగ్గుతుంది.

ముడుచుకునే చక్రం విషయంలో మాత్రం నాకు సందేహం లేదు, వద్దు. తక్కువ వేగంతో ఎగిరే చెక్క గ్లైడరులో దానివల్ల కలిసివచ్చేది స్వల్పం. అడుగున తలుపులు, వాటి కీలు, తాళాలు, చక్రం దింపడం మరిచిపోతే జరిగే నష్టం, వీటన్నిటికీ ఆ లాభం సరిపోదు. సగం లోపలికి, సగం బయటికి ఉండే స్థిర చక్రం పెట్టుకోండి.

'వి' తోకలో రెండు పలకలే కాబట్టి పని తగ్గుతుందనిపిస్తుంది, కట్టే పని వరకు అది నిజమే. కానీ ఎత్తూ దిగువూ చేసే కదలికను, పక్కకు తిప్పే కదలికను కలిపి రెండు పలకలకూ పంచే లంకె యంత్రాంగం కావాలి. ఆ ఒక్క భాగం చక్కగా గీసి, ఖచ్చితంగా చేయగలిగినవారు మీలో ఉంటే 'వి' తోక మంచిదే. అమెరికాలో రిచర్డ్ ష్రెడర్ సొంతంగా కట్టుకునేవారి కోసం గీసిన హెచ్.పి. గ్లైడర్లలో పలు మోడళ్లకు 'వి' తోకే పెట్టాడు. ఆయన హెచ్.పి. 18లో నేను ఎక్కువగా మెచ్చుకునేది రెక్క నిర్మాణం. లోపల నురగ పదార్థంతో కోసిన రిబ్బులను దగ్గర దగ్గరగా పెట్టి, వాటిమీద అల్యూమినియం రేకును జిగురుతో అంటించాడు. రివెట్ల పని చాలా వరకు తప్పిపోయింది. చేతిపని ఎక్కడ ఎక్కువ పడుతుందో తెలిసిన మనిషి డిజైను గీస్తే ఇలా ఉంటుంది.

రేకు రెక్క అన్నాక ఇంకో మాట. రివెట్టు తల రేకు మీద ఉబ్బెత్తుగా ఉండవచ్చని ఒప్పుకుంటే రంధ్రం వేసి, గరుకు తీసి రివెట్టు కొడితే సరిపోతుంది. తల రేకులో కలిసిపోయి నునుపుగా ఉండాలంటే ప్రతి రంధ్రానికీ పళ్లెం లాంటి గుంటను కూడా నొక్కాలి. ఒక రెక్కలో రివెట్లు వేలల్లో ఉంటాయి. డ్రాయింగు మీద ఒక గుర్తు మారిస్తే షెడ్డులో వారాలు మారతాయి. ముందంచు దగ్గర, గాలి మొదట తాకే చోట మాత్రం నునుపు తల రివెట్లు పెట్టి, వెనక భాగంలో సాదావి వాడడం తెలివైన పద్ధతి.

ప్రశ్న: సముద్రం మీదికి పోయే ఫైబరు బోట్లు అచ్చులో పోసి చేస్తాం. అచ్చు ఒకసారి తయారైతే వంకరలు ఎన్ని ఉన్నా బోటుకు పట్టే పని ఒకటే. గ్లైడరు కూడా అలాగే చేస్తే మీరు చెప్పే కష్టాలన్నీ పోవా?
– ఒక బోటు పనివాడు, భావనపాడు

సమాధానం: మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. గ్లైడర్ల ప్రపంచం కూడా చివరకు మీ దారికే వచ్చింది. 1957లో జర్మనీలో ఎగిరిన ఫీనిక్స్ ఫైబరుతో చేసిన తొలి గ్లైడరు. ఆ తరువాత పోటీ గ్లైడర్లన్నీ క్రమంగా ఫైబరుకు మారాయి. చెక్కతో రెండు వైపులా వంగే ఉపరితలాన్ని చేయాలంటే సన్నటి పట్టీలుగా కోసి ఒక్కొక్కటీ అతికించాలి, ఎందుకంటే ప్లైవుడ్డు ఒక దిక్కుకే వంగుతుంది. అచ్చులో గుడ్డ పరిచి రెసిన్ పట్టించేటప్పుడు ఆ బాధ లేదు. డిజైను ఎంత మెలికలు తిరిగినా ఒక్కో గ్లైడరుకు పట్టే చేతిపని పెద్దగా పెరగదు.

అయితే ఆ సంక్లిష్టత ఎక్కడికీ పోలేదు, అచ్చులో చేరింది. అచ్చు తీయడానికి ముందు అసలు ఆకారాన్ని, అంటే రెక్క నమూనాను, నిలువెత్తున చేసి నునుపు పెట్టాలి. గాలి నునుపుగా జారాల్సిన రెక్క మీద రెండు అంగుళాల దూరంలో వచ్చే అల ఎత్తు మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదని పోటీ గ్లైడర్లు సవరించేవారు చూసుకుంటారు. బోటుకు ఆ పట్టింపు లేదు. ఆ నునుపు కోసం పుట్టీ పట్టి రుద్దడం, మళ్లీ కొలవడం, మళ్లీ రుద్దడం ఇవన్నీ చేతి పనులే. రెక్క పై వైపుకు ఒక అచ్చు, కింది వైపుకు ఒక అచ్చు, కుడికి వేరు, ఎడమకు వేరు. ఒడలికి రెండు, తోకకు మరికొన్ని. ఒక్క గ్లైడరు చేయాలంటే ఈ పనంతా దాని నెత్తిన పడుతుంది. వంద చేస్తే ఒక్కోదాని మీద వందో వంతే పడుతుంది. మీ ఊళ్లో ఒకే అచ్చు మీద బోటు తరువాత బోటు తీస్తారు కాబట్టి మీకు ఆ భారం కనిపించదు. విద్యార్థులు కట్టబోయేది ఒక్కటే.

ఇంకొకటి, మీ బోటులో గుడ్డ ఒకటో రెండో పొరలు ఎక్కువైనా బలానికి లోటు రాదు, బరువు కొంచెం పెరుగుతుందంతే. గ్లైడరు దూలంలో దారం ఏ దిక్కుకు పరిచారు, రెసిన్ ఎంత పట్టింది, మధ్యలో గాలి బుడగ మిగిలిందా అన్నవి లెక్కకు రావాలి. అందువల్ల పోసే మనిషి పక్కన చూసే మనిషి ఉండాలి. అయినప్పటికీ ఒక చోట మీ విద్య ఈ చెక్క గ్లైడరుకు ఎంతో ఉపయోగం. ముక్కు భాగం రెండు వైపులా వంగుతుంది, అక్కడ ప్లైవుడ్డు లొంగదు. ముక్కు తొడుగును, రెక్క ఒడలిని కలిసే చోటి మూతలను ఫైబరుతో చేస్తే వడ్రంగికి ఎన్నో రోజులు కలిసివస్తాయి, అవి పెద్దగా బలం మోసేవి కావు కాబట్టి భయమూ లేదు. రాజాం మేస్త్రి గారూ మీరూ కలిస్తే ఈ పని తేలిగ్గా తెమలుతుంది.

ప్రశ్న: ఇలా కట్టిన గ్లైడరును మన జిల్లాలోనే ఏదైనా మైదానంలో ఎగరవేయవచ్చా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

సమాధానం: అనుమతి లేకుండా వీలు కాదు. ఇంజను లేకపోయినా చట్టం దృష్టిలో గ్లైడరు విమానమే. 1934 నాటి విమాన చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది. రిజిస్ట్రేషను, ఎగిరే అర్హత, పైలటు లైసెన్సు వ్యవహారాలను కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చూస్తుంది. పైగా మన ప్రాంతపు గగనతలానికి విశాఖలోని నౌకాదళ స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగా, భోగాపురం విమానాశ్రయం రెండూ దగ్గరే. కాబట్టి కర్ర కోయకముందే డీజీసీఏతో ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలుపెట్టాలి. దీనికీ మన విషయానికీ సంబంధం ఉంది. ప్రతి అతుకునూ మూసే ముందు తనిఖీ చేసి రాసిపెట్టాలి, ప్రతి జిగురు కలుపుకూ ఒక నమూనా ముక్క దాచి విరిచి చూడాలి. మూసి ఉంచే పెట్టెలు, అతుకులు ఎక్కువైనకొద్దీ ఈ తనిఖీ గంటలు కూడా పెరుగుతాయి.

ప్రశ్న: మా విద్యార్థుల గ్లైడరు ప్రాజెక్టుకు బడ్జెటు రాయాలి. చేతిపనిని కిలోకు ఇంత అని చూపమని అడుగుతున్నారు. అలా రాయవచ్చా? మేస్త్రికి గుత్తకు ఇవ్వడం మంచిదా, రోజుకూలి మంచిదా?
– ఒక అధ్యాపకుడు, విజయనగరం

సమాధానం: దయచేసి కిలో లెక్క రాయవద్దు. గ్లైడరులో బరువు తగ్గించడానికే చేతిపని పెడతాం. బరువును బట్టి కూలి కడితే బాగా చేసినవాడికి తక్కువా, మొద్దుగా చేసినవాడికి ఎక్కువా ముడుతుంది. ఒకే రకం గ్లైడర్లను ఏళ్ల తరబడి చేసే కర్మాగారం తన పాత లెక్కలను బట్టి కిలోకు ఇన్ని గంటలని చెప్పుకోగలదు. మొదటిసారి కట్టేవారికి ఆ అంకె దారి తప్పిస్తుంది.

డ్రాయింగులు ముందు పెట్టుకుని ఒక పట్టిక వేయండి. ఎన్ని రకాల భాగాలు ఉన్నాయి, ఒక్కో రకం ఎన్నేసి కావాలి, ఒక్కోదానికి జిగ్గు కావాలా, ఎవరి చెయ్యి కావాలి అన్న నాలుగు గడులు చాలు. ఆ తరువాత రెక్కలో ఒక మీటరు ముక్కను నిజంగా కట్టించండి. మూడు రిబ్బులు, దూలం ముక్క, ముందంచు ప్లైవుడ్డు, ఒక వాలు అతుకు అందులో ఉండాలి. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో అప్పటికప్పుడు రాయించండి. ఆ ముక్కను బరువులు వేలాడదీసి విరగ్గొట్టి చూస్తే జిగురు సంగతి కూడా తేలుతుంది. ఆ ముక్కకు పెట్టిన ఖర్చును వృథా అనుకునేవారు ఉంటారు. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు మొత్తంలో అంత లాభసాటి ఖర్చు మరొకటి లేదు, ఎందుకంటే మీ బడ్జెటులో నిజంగా మీదైన అంకెలు అవే.

తిరిగి చేయాల్సిన పనికి వేరుగా ఒక వరుస పెట్టండి. బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దులోంచి తొలిచేటప్పుడు చివరి దశలో ఉలి జారితే ముందు చేసిన పని మొత్తం పోయినట్టే, మూసిన రెక్క పెట్టెలో ఒక కడ్డీ తప్పు రంధ్రంలోంచి పోయిందని తరువాత తెలిస్తే అతికించిన ప్లైవుడ్డును కోసి తీయాల్సి వస్తుంది. రెక్కలో నడిచే కడ్డీలు ఎక్కువైతే అలాంటి తప్పులకు అవకాశమూ ఎక్కువే. అందువల్ల సాదా డిజైనుకు పదో వంతు అదనం పెట్టినచోట, ఎయిర్ బ్రేకులూ, ఫ్లాపులూ (రెక్క వెనకంచున కిందికి వంగే పలకలు) ఉన్న డిజైనుకు పావు వంతు పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

జిగురు ఆరే గంటలు కూలి కాకపోయినా, షెడ్డు అద్దె రూపంలో బడ్జెటులోకి వస్తాయి. అతికించేటప్పుడు కర్రలో తేమ సుమారు 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. మన తీరంలో శ్రావణ భాద్రపదాల్లో బయట పెట్టిన కర్రలో అది నిలవదు. కర్రను, ప్లైవుడ్డును మూసిన గదిలో ఆరబెట్టుకోవాలి, లేదా అతుకుల పనిని పొడి నెలలకు జరుపుకోవాలి. ఒకదాని తరువాత ఒకటి ఆరవలసిన అతుకులు ఎక్కువ ఉన్న డిజైనులో మేస్త్రి క్లాంపులు బిగించి ఖాళీగా కూర్చునే రోజులు కూడా పెరుగుతాయి. వరుసగా కాకుండా పక్కపక్కనే చేయగలిగిన పనులు ఏవో ముందే చూసుకుంటే, తోక పలకలు ఆరుతుండగా రిబ్బులు నడుస్తాయి.

గుత్తా, రోజుకూలీ అన్నదానికి నా సమాధానం రెండూ. రిబ్బుల్లాంటి ఒకే రకం పనిని నమూనా ముక్క గంటలు తేలాక గుత్తకు ఇవ్వండి, ఇద్దరికీ లాభం. దూలం, రెక్క కీళ్లు, అదుపు కడ్డీల అమరిక మాత్రం రోజుకూలి మీదే చేయించండి. అక్కడ తొందరపెట్టే ఒప్పందం ఏదీ ఉండకూడదు. ఒప్పంద పత్రంలో ఒక వాక్యం తప్పక ఉండాలి. పని మొదలయ్యాక విద్యార్థులు డ్రాయింగు మారిస్తే, ఆ మార్పు వల్ల పనికిరాకుండా పోయిన జిగ్గులకూ, భాగాలకూ మేస్త్రికి పట్టిన గంటలు విడిగా చెల్లించాలి. రెక్క కొస వెడల్పు రెండు అంగుళాలు మార్చడం కంప్యూటరు మీద ఒక నిమిషం పని, షెడ్డులో ఏడు జిగ్గులు విప్పి మళ్లీ కట్టే పని. ఆ గంటలకు డబ్బు ఎవరిస్తారన్నది ముందే రాసి ఉంటే, డ్రాయింగును ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాకే విద్యార్థులు షెడ్డుకు పంపుతారు.